అండాకార ట్రాక్‌పై పికప్ ట్రక్కుల రేసు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ‘స్టాక్’ కార్ల రేసులు నిర్వహించే నాస్కార్ సంస్థ నడిపే మూడు జాతీయ రేసు పోటీల్లో ఒకటి పికప్ ట్రక్కులది. దాని పేరు క్రాఫ్ట్స్‌మన్ ట్రక్ సిరీస్. ఫార్ములా వన్ చూసే అలవాటున్న మనవాళ్లు మొదటిసారి దీన్ని చూసినప్పుడు అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఉన్నాయి. ఉదాహరణ కావలసిన ప్రతిచోటా వీలైనంతవరకు వర్జీనియా రాష్ట్రంలోని మార్టిన్స్‌విల్ ట్రాక్‌నే తీసుకున్నాను. అది చిన్నది కాబట్టి కూర్చున్నచోటి నుంచే రేసంతా కనబడుతుంది, అర్థం చేసుకోవడమూ తేలిక.

ట్రక్కుల రేసు అంటే లారీల రేసా?

కాదు. మనం ట్రక్కు అనగానే లారీ గుర్తుకొస్తుంది గానీ, అమెరికావారి మాటలో అది మన ఊళ్లలో కూరగాయల బుట్టలు మోసే బొలెరో పికప్ వంటి బండి. రేసులో కనిపించేవి షెవర్లే సిల్వరాడో, ఫోర్డ్ ఎఫ్-150, టొయోటా టండ్రా రూపంలో ఉండే ట్రక్కులు. టొయోటా 2004లో ఈ పోటీలోకి వచ్చింది. చాలా ఏళ్లు దూరంగా ఉన్న రామ్ కంపెనీ, 2026 నుంచి మళ్లీ బరిలోకి దిగుతున్నట్టు ప్రకటించింది. నిజమైన లారీల రేసులు వేరే ఉన్నాయి. 2014లో గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో టాటా సంస్థ మొదలుపెట్టిన పోటీ ఆ కోవకు చెందినది.

‘స్టాక్’ అన్నారు కదా, షోరూములో కొన్న ట్రక్కునే రేసులో నడుపుతారా?

ఒకప్పుడు ఆ మాటకు అర్థం అదే. కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే, పెద్దగా మార్పులు లేకుండా నడిపే కారును స్టాక్ కారు అనేవారు. 1948లో బిల్ ఫ్రాన్స్ నాయకత్వంలో నాస్కార్ ఏర్పడి, ఆ మరుసటి ఏడాది దాని ప్రధాన పోటీ మొదలైనప్పుడు, ట్రాక్ మీదికి వచ్చినవి జనం రోడ్ల మీద నడిపే కార్లే.

ఈనాటి రేసు ట్రక్కుకు షోరూము ట్రక్కుతో పోలిక పైపైనే. లోపల ఉండేది ఉక్కు గొట్టాలను అతికి చేసిన పంజరం. ముందు కనిపించే హెడ్‌లైట్లు దీపాలు కావు, అంటించిన స్టిక్కర్లు. తెరుచుకునే తలుపులు లేవు, డ్రైవరు కిటికీలోంచే లోపలికి దూరాలి. సామాను వేసుకునే వెనుక తొట్టి మీద మూత బిగించి ఉంటుంది. ఇంజను ఎనిమిది సిలిండర్ల వి-8. 2018 నుంచి చాలా జట్లు ఇల్మోర్ సంస్థ తయారుచేసే 6.5 లీటర్ల ఇంజనునే వాడుతున్నాయి. ఒక్కో జట్టు సొంతంగా ఇంజను తయారు చేసుకుంటే అయ్యే ఖర్చు చిన్న జట్లు మోయలేవు కాబట్టి ఈ ఏర్పాటు వచ్చింది. గేర్లు నాలుగే. వాటిని చేత్తోనే మార్చాలి, శక్తి వెనుక చక్రాలకు అందుతుంది. ఐదు నట్లతో బిగించే ఉక్కు చక్రాలు ఇంకా ఇక్కడ మిగిలి ఉన్నాయి. నాస్కార్ ప్రధాన పోటీ అయిన కప్ సిరీస్ కార్లు 2022లోనే ఒక్క నట్టు చక్రాలకు మారిపోయాయి. పాత పద్ధతి రేసు ఎలా ఉంటుందో చూడాలనుకునేవారు ట్రక్కుల దగ్గరికి రావడానికి ఇదీ ఒక కారణం.

ఈ సిరీస్ ఎలా పుట్టింది?

ఎడారి దారుల్లో ట్రక్కు రేసులు నడిపే కొందరు కాలిఫోర్నియావారికి, ఇదే బండిని తారు ట్రాక్ మీద ఎందుకు నడపకూడదన్న ఆలోచన వచ్చింది. వారు ఒక నమూనా ట్రక్కును తయారుచేసి, 1994లో ఫ్లోరిడాలోని డేటోనా ట్రాక్‌లో చూపించారు. అమెరికాలో పికప్ ట్రక్కులకు గిరాకీ బాగా పెరుగుతున్న రోజులవి. కంపెనీలు సరేనన్నాయి. 1995 ఫిబ్రవరి 5న ఫీనిక్స్‌లో తొలి రేసు జరిగింది. దాన్ని గెలిచిన మైక్ స్కిన్నరే ఆ ఏడాది మొత్తానికి సిరీస్ తొలి విజేతగానూ నిలిచాడు. అప్పట్లో సూపర్ ట్రక్ సిరీస్ అనేవారు. మరుసటి ఏడాది నుంచి 2008 దాకా క్రాఫ్ట్స్‌మన్ పేరు, 2009 నుంచి ఎక్కువ కాలం క్యాంపింగ్ వరల్డ్ పేరు ఉండగా, 2023లో మళ్లీ క్రాఫ్ట్స్‌మన్ పేరే వచ్చి చేరింది. పాత అభిమానులు మధ్యలోని పేర్లను పెద్దగా పట్టించుకోలేదు.

గానుగెద్దులా ఎడమవైపుకే తిరుగుతూ ఉంటే అందులో చూడడానికి ఏముంది?

అందరూ అడిగే ప్రశ్న ఇదే కాబట్టి దీనికి కొంచెం వివరంగా జవాబు చెప్పాలి.

మార్టిన్స్‌విల్ ట్రాక్ చుట్టుకొలత 0.526 మైళ్లు, అంటే దాదాపు 847 మీటర్లు. కాగితాలకు పెట్టే క్లిప్పును పడుకోబెట్టినట్టుగా, సుమారు 244 మీటర్ల నిడివి ఉన్న రెండు తిన్నని దారులు, వాటి కొసల్లో రెండు ఇరుకు మలుపులు ఉంటాయి. తిన్నని దారుల మీద తారు, మలుపుల్లో కాంక్రీటు. ఒక చుట్టుకు, అంటే ల్యాపుకు, ఇరవై సెకన్ల చిల్లర పడుతుంది. ఆ ఇరవై సెకన్లలో డ్రైవరు రెండుసార్లు పూర్తి వేగం అందుకుని, రెండుసార్లు గట్టిగా బ్రేకు తొక్కాలి. 200 ల్యాపుల రేసులో అది 400 సార్లు. సాయంత్రం వెలుగు తగ్గేసరికి, మలుపులోకి దిగే ట్రక్కుల ముందు చక్రాల సందుల్లో బ్రేకు డిస్కులు కొలిమిలో కాలిన ఇనుములా ఎర్రగా మెరవడం స్టాండుల్లోంచే కనబడుతుంది. మొదటి యాభై ల్యాపుల్లో బ్రేకులు కాల్చేసుకున్నవాడికి చివరి యాభై ల్యాపుల్లో పోరాడడానికి ఏమీ మిగలదు.

టైర్ల సంగతీ అంతే. బండి ఎప్పుడూ ఎడమకే తిరగడం వల్ల బరువంతా కుడివైపు టైర్ల మీద, అందులోనూ ముందు కుడి టైరు మీద పడుతుంది. అందుకే ఈ ట్రక్కును తయారు చేయడమే ఎడమకు తిరగడానికి అనువుగా చేస్తారు. బరువులో ఎక్కువ భాగం ఎడమవైపుకు జరుపుతారు, కుడివైపు టైర్ల చుట్టుకొలత ఎడమవైపు వాటికన్నా కాస్త ఎక్కువగా ఉండేలా చూస్తారు. తిన్నని దారి మీద స్టీరింగు వదిలేస్తే అది తనంతట తానే ఎడమకు లాగుతుంది.

ఇంత చేసినా రేసు సాగేకొద్దీ బండి తీరు మారిపోతుంది. టైర్లు అరుగుతాయి, ఇంధనం బరువు తగ్గుతుంది, ఎండ తగ్గి ట్రాక్ చల్లబడుతుంది. మలుపులో ముందు చక్రాలు పట్టు తప్పి బండి తిరగనని మొరాయిస్తే దాన్ని ‘టైట్’ అంటారు. వెనుక చక్రాలు జారి బండి తోక బయటికి పోతే అది ‘లూజ్’. టైట్‌గా ఉంటే గుద్దబోయే గోడ కనబడుతుంది, లూజ్‌గా ఉంటే గుద్దిన చప్పుడు మాత్రమే వినబడుతుందని గ్యారేజీల్లో చెప్పుకునే పాత హాస్యం ఒకటి ఉంది. ఈ రెండింటి మధ్య సన్నని గీత మీద ట్రక్కును రెండు గంటలపాటు నిలబెట్టడమే డ్రైవరు పని. రేసు చూసేవారు ముందున్నవాడిని వదిలేసి, ఏదో ఒక ట్రక్కును పట్టుకుని పది ల్యాపులు దాని తోకనే గమనిస్తే ఈ ఆట గుట్టు చాలావరకు తెలిసిపోతుంది.

మరి కుడివైపుకు ఎందుకు తిరగరు?

అమెరికాలో గుర్రప్పందాలు కూడా ఎడమకే తిరుగుతాయి, తొలినాళ్ల కారు పందేలు చాలావరకు ఆ మైదానాల్లోనే జరిగాయి. పైగా ఆ దేశపు బండిలో డ్రైవరు ఎడమవైపు కూర్చుంటాడు. ఎడమకు తిరిగే ట్రాక్‌లో బయటి గోడ కుడివైపున ఉంటుంది కాబట్టి, గోడను గుద్దినప్పుడు డ్రైవరుకు, గోడకు మధ్య బండి వెడల్పంతా అడ్డుగా ఉంటుంది.

మలుపులను వాలుగా ఎందుకు కడతారు?

నాంపల్లి ఎగ్జిబిషన్‌లో ‘మౌత్ కా కువా’ చూసినవారికి దీన్ని వివరించాల్సిన పని లేదు. బావి గోడ మీద మోటారు సైకిలు పడిపోకుండా తిరిగేది దాని వేగం వల్లనే. వాలు ఉన్న మలుపులో ట్రాకే బండిని లోపలికి నెడుతుంది కాబట్టి, టైర్ల పట్టు మీద పడే భారం తగ్గి వేగం పెరుగుతుంది. డేటోనాలో మలుపుల వాలు 31 డిగ్రీలు, అలబామాలోని టల్లడేగాలో 33 డిగ్రీలు. ఆ వాలు మీద మనిషి నడిచి పైకి చేరడమే కష్టం. మార్టిన్స్‌విల్‌లో వాలు 12 డిగ్రీలే. అందుకే అక్కడ బ్రేకుకు అంత విలువ, డేటోనాలో బ్రేకును దాదాపు మరిచిపోయే పరిస్థితి.

అండాకార ట్రాకులన్నీ ఒకే రకంగా ఉంటాయా?

ఉండవు. ఏ రెండూ ఒకేలా ఉండవని చెప్పినా తప్పు లేదు. 2.5 మైళ్ల డేటోనాలో ట్రక్కులు గంటకు 290 కిలోమీటర్ల వేగానికి చేరువలో గుంపుగా పోతాయి. టెన్నెసీలోని బ్రిస్టల్ అర మైలుకు కాస్త ఎక్కువ, కానీ కాంక్రీటు గిన్నెలా నిటారుగా ఉంటుంది. దక్షిణ కరొలినాలోని డార్లింగ్టన్ ఒక కొస వెడల్పుగా, మరో కొస ఇరుకుగా అచ్చం కోడిగుడ్డులా ఉంటుంది కాబట్టి, ఒక కొసకు సరిపడేలా సర్దిన బండి రెండో కొసలో మొరాయిస్తుంది. టెక్సస్, కాన్సస్, లాస్ వేగస్ వంటి చోట్ల ఒకటిన్నర మైళ్ల ట్రాకులున్నాయి. ఇవి నాకంతగా రుచించవు, ట్రక్కులు చెల్లాచెదురై సగం సేపు ఎవరు ఎక్కడున్నారో తెలియదు.

ఒక మట్టి ట్రాక్ సంగతి మాత్రం చెప్పాలి. ఒహాయో రాష్ట్రంలోని ఎల్డోరా అనే అర మైలు మట్టి ట్రాక్‌లో 2013 జూలైలో ట్రక్కుల రేసు పెట్టారు. నాస్కార్ జాతీయ పోటీ ఒకటి మట్టి మీద జరగడం 1970 తర్వాత అదే మొదలు. ఆస్టిన్ డిల్లన్ గెలిచాడు. 2019 వరకు ఏటా అక్కడ రేసు జరిగింది. తారు మీద పక్కకు జారడం తప్పు, మట్టి మీద పక్కకు జారుతూ పోవడమే నడక.

ముందు ట్రక్కు వెనుక అంత దగ్గరగా అతుక్కుని ఎందుకు పోతారు?

పికప్ ట్రక్కు ఎత్తుగా, మొద్దుగా ఉంటుంది. అది గాలిని చీల్చుకుపోదు, నెట్టుకుపోతుంది. దాని వెనుక గాలి పలచబడడం వల్ల, అక్కడ దూరిన రెండో ట్రక్కుకు తక్కువ శక్తితోనే ఎక్కువ వేగం వస్తుంది. దీన్ని డ్రాఫ్టింగ్ అంటారు. కార్లకన్నా ట్రక్కులకు ఈ ప్రభావం ఎక్కువ కాబట్టే డేటోనాలో చివరి ల్యాపులో నాలుగో స్థానంలో ఉన్నవాడికి కూడా గెలుపు మీద ఆశ ఉంటుంది. అయితే ఇదే గాలి మలుపులో ఎదురు తిరుగుతుంది. ముందు బండికి మరీ దగ్గరగా పోయినప్పుడు వెనుక బండి ముక్కు మీద గాలి ఒత్తిడి తగ్గి, ముందు టైర్లు పట్టు కోల్పోతాయి. తిన్నని దారిలో మేలు చేసిన గాలే మలుపులో కీడు చేస్తుందన్నమాట.

రేసు ఎంతసేపు సాగుతుంది? మధ్యలో ‘స్టేజీ’ అంటే ఏమిటి?

చాలా రేసులు రెండు గంటల్లోపే లేదా కాస్త అటూ ఇటూగా ముగుస్తాయి. మార్టిన్స్‌విల్‌లో సాధారణంగా 200 ల్యాపులు, అంటే దాదాపు 170 కిలోమీటర్లు. డేటోనాలో 100 ల్యాపులు, అంటే 400 కిలోమీటర్లు. కప్ రేసుతో పోలిస్తే నిడివి తక్కువ. అందువల్ల ఓపికగా వేచి చూసే వ్యవధి డ్రైవర్లకు ఉండదు, తొలి ల్యాపు నుంచే తోపులాట మొదలవుతుంది.

2017 నుంచి ప్రతి రేసునూ మూడు స్టేజీలుగా విడగొట్టారు. మొదటి రెండు స్టేజీల చివర తొలి పది స్థానాల్లో ఉన్నవారికి పది నుంచి ఒకటి వరకు పాయింట్లు దక్కుతాయి. అంతకుముందు 2016లో ఈ ట్రక్కుల సిరీస్‌లో ఒక వింత ప్రయోగం చేశారు. ఇరవై నిమిషాలపాటు ఆటంకం లేకుండా రేసు సాగితే, ఏ ప్రమాదమూ జరగకపోయినా గడియారం చూసి, వేగం తగ్గించి ఒకరి వెనుక ఒకరు సాగమని చెప్పే పసుపు జెండా ఊపేవారు. అది ఒక్క ఏడాదితోనే పోయింది. పోవడమే మంచిదైంది.

పసుపు జెండా వస్తే అందరూ ఒకచోట చేరిపోతారు. ముందున్నవాడికి అది అన్యాయం కాదా?

ఒక రకంగా అన్యాయమే. పది సెకన్ల ఆధిక్యం సంపాదించినవాడు పసుపు జెండాతో దాన్నంతా పోగొట్టుకుంటాడు. పైగా ముందున్నవాడికన్నా ఒక ల్యాపు వెనుకబడినవారిలో అందరికన్నా ముందున్న ట్రక్కుకు, పోయిన ల్యాపు తిరిగి దక్కుతుంది. కానీ పసుపు జెండా పడినప్పుడే అసలు ఎత్తుగడ మొదలవుతుంది. ట్రాక్ పక్కన టైర్లు మార్చి ఇంధనం పోసే పిట్‌లోకి పోయి కొత్త టైర్లు వేయించుకుని వెనుక వరుసలో నిలబడాలా, పాత టైర్లతోనే ముందు వరుసలో ఉండిపోవాలా అన్నది క్షణాల్లో తేల్చుకోవాలి. మార్టిన్స్‌విల్‌లో దాటడం కష్టం కాబట్టి ముందు స్థానానికి విలువ ఎక్కువ. టైర్లను త్వరగా అరగదీసే డార్లింగ్టన్‌లో కొత్త టైర్లదే పైచేయి.

రేసు చివర్లో పసుపు జెండా పడితే, పసుపు కిందనే రేసును ముగించకుండా రెండు ల్యాపులు అదనంగా నడిపించే పద్ధతి కూడా తొలి ఏడాది నుంచి ట్రక్కుల సిరీస్‌లోనే ఉంది. కప్ రేసుల్లోకి అది 2004లోగానీ రాలేదు.

తొలి రోజుల్లో రేసు మధ్యలో విరామం ఉండేదట, నిజమేనా?

నిజమే. మొదట్లో ట్రక్కుల రేసులు చిన్నచిన్న ఊళ్ల ట్రాకుల్లో జరిగేవి. వాటిలో అంత పెద్ద పోటీకి సరిపడే పిట్ వసతి ఉండేది కాదు. అందుకని సినిమాకు ఇంటర్వెల్ ఇచ్చినట్టు సగం రేసయ్యాక ఆపేసి, ఆ సమయంలో టైర్లు మార్చి, ఇంధనం పోసి, మళ్లీ మొదలుపెట్టేవారు. టీవీవాళ్లు ఆ సందులో డ్రైవర్లతో మాట్లాడించేవారు. కొన్నేళ్లకు ఈ పద్ధతి తీసేసి మామూలు పిట్ స్టాపులు తెచ్చారు.

పిట్ స్టాపులో ఏం జరుగుతుంది?

ట్రక్కు ఆగీ ఆగకముందే గోడ దూకిన మనుషుల్లో ఒకడు జాకీతో కుడివైపుకు పరుగెత్తి, ఒక్క ఊపుతో ఆ వైపంతా పైకి లేపుతాడు. గాలితో నడిచే గన్ను పట్టుకున్నవాడు ఐదు నట్లు విప్పే చప్పుడు, విడివిడిగా కాక ఒకే గీర లాగినట్టు వినబడుతుంది. కొత్త చక్రానికి ఐదు నట్లనూ ముందే జిగురుతో అంటించి ఉంచుతారు కాబట్టి, చక్రం తగిలించగానే బిగించడమే పని. కుడివైపు అయిపోగానే అందరూ ముందునుంచి తిరిగి ఎడమవైపుకు. ఈలోగా ఒకడు భుజాన ఇంధనం డబ్బా ఎత్తిపట్టి ఉంటాడు. బండి టైట్‌గా ఉందనో లూజ్‌గా ఉందనో డ్రైవరు చెప్పి ఉంటే, ఇంకొకడు పొడవాటి రెంచిని వెనుక అద్దంలోని రంధ్రంలో దూర్చి అర చుట్టు తిప్పుతాడు. ఆ అర చుట్టుతో స్ప్రింగు మీద బరువు మారి, మలుపులో బండి నడతే మారిపోతుంది. పిట్ దారిలో వేగ పరిమితి దాటినా, నట్టు సరిగా బిగించక చక్రం ఊడినా శిక్ష తప్పదు.

ఈ గోలలో డ్రైవరుకు పక్కన ఎవరున్నారో ఎలా తెలుస్తుంది?

తెలియదు. తలకు రెండువైపులా సీటు రెక్కలు, మెడకు కట్టు ఉండడం వల్ల అతడు తల తిప్పి చూడలేడు. స్టాండు పైకప్పు మీద నిలబడి ట్రక్కు నుంచి చూపు మరల్చకుండా ఉండే స్పాటర్ అనే మనిషి, రేడియోలో ‘లోపల ఉన్నాడు’, ‘ఇంకా ఉన్నాడు’, ‘దాటేశావు’ అని చెబుతూనే ఉంటాడు. ట్రాక్‌కు వెళ్లేవారు అక్కడ అద్దెకు దొరికే స్కానర్ తీసుకుంటే ఈ సంభాషణలు వినవచ్చు. రేసు రుచి సగం అందులోనే ఉంది.

ఇది ఎంతవరకు సురక్షితం?

ఇప్పుడు చాలావరకు సురక్షితం, ఒకప్పుడు కాదు. 1997 మార్చిలో హోమ్‌స్టెడ్ రేసులో గాయపడిన జాన్ నెమెచెక్ ఐదు రోజులకు మరణించాడు. 2000 అక్టోబరులో టెక్సస్‌లో టోనీ రోపర్ ప్రాణాలు కోల్పోయాడు. 2001 ఫిబ్రవరిలో డేటోనా కప్ రేసులో డేల్ ఎర్న్‌హార్ట్ మరణించాక, ఆ ఏడాదే తలను, మెడను పట్టి ఉంచే కట్టును తప్పనిసరి చేశారు. ఆ తర్వాతి ఏళ్లలో కాంక్రీటు గోడల ముందు దెబ్బను పీల్చుకునే ఉక్కు, నురుగు గోడలు వచ్చాయి. ప్రమాదం జరిగిన వెంటనే కిటికీకి కట్టిన వల కిందికి దిగిందంటే డ్రైవరు క్షేమంగా ఉన్నాడని అర్థం. అది దిగేదాకా స్టాండు మొత్తం నిశ్శబ్దమైపోతుంది.

జాన్ మరణించిన కొద్ది నెలలకు అతడి అన్న జో నెమెచెక్‌కు కొడుకు పుట్టాడు. ఆ బిడ్డకు తమ్ముడి పేరే కలిపి జాన్ హంటర్ అని పెట్టుకున్నారు. అతడు పెరిగి ఇదే ట్రక్కుల సిరీస్‌లో చేరి, 2015లో షికాగో దగ్గరి ట్రాక్‌లో తొలి గెలుపు అందుకున్నాడు.

ఎవరు నడుపుతారు? కుర్రవాళ్లా, అనుభవజ్ఞులా?

ఇద్దరూ. చిన్న ట్రాకుల్లో పదహారేళ్లకే అనుమతి ఉంది. 2014లో న్యూ హాంప్‌షైర్‌లో కోల్ కస్టర్ పదహారేళ్ల వయసులోనే గెలిచాడు. అతడి పక్కనే తండ్రి వయసున్న డ్రైవర్లు పోటీపడతారు. రాన్ హోర్నడే నాలుగుసార్లు సిరీస్ విజేత అయ్యాడు. మూడుసార్లు విజేత అయిన మ్యాట్ క్రాఫ్టన్, 2019లో ఏడాది పొడుగునా ఒక్క రేసు కూడా గెలవకుండానే కిరీటం ఎత్తుకుపోయాడు. రేసుల లెక్కలో కైల్ బుష్ అరవైకి పైగా గెలుపులతో అందరికన్నా ముందున్నాడు. అతడు కప్ డ్రైవరై ఉండి అప్పుడప్పుడు వచ్చి గెలిచినవే అవి. అలాంటివారు ఏడాదికి ఇన్ని రేసులే నడపాలన్న పరిమితి తర్వాత వచ్చింది.

మార్టిన్స్‌విల్‌కు సంబంధించిన గెలుపుల్లో మరవరానిది 2013 అక్టోబరునాటిది. ఆ రేసు గెలిచిన బబ్బా వాలెస్, నాస్కార్ జాతీయ పోటీల్లో 1963 తర్వాత గెలిచిన తొలి నల్లజాతి డ్రైవరు. 1963లో గెలిచిన వెండెల్ స్కాట్‌ది మార్టిన్స్‌విల్‌కు దగ్గరలోని డాన్‌విల్. ఆనాడు జెండా దగ్గర వేరొకరిని విజేతగా ప్రకటించి, జనం వెళ్లిపోయాక లెక్క సరిచేశారు. 2014లో స్కాట్ గౌరవార్థం ఆయన 34 నంబరుతో వాలెస్ బరిలోకి దిగి, అదే ట్రాక్‌లో మళ్లీ గెలిచాడు.

భారతీయులెవరైనా నడిపారా?

నడిపారు. ఫార్ములా వన్‌లో తొలి భారతీయుడైన నారాయణ్ కార్తికేయన్ 2010లో ఈ సిరీస్‌లో పోటీ చేశాడు. తొలి రేసు మార్టిన్స్‌విల్‌లోనే, 13వ స్థానంలో ముగించాడు. అంతకుముందు అండాకార ట్రాక్ అనుభవం లేనివాడికి, అందులోనూ బ్రేకులను తినేసే ట్రాక్‌లో, అది చిన్న సంగతి కాదు. ఆ ఏడాది అభిమానుల ఓట్లతో సిరీస్‌లో అత్యంత ఆదరణ పొందిన డ్రైవరు బహుమతి కూడా అతడికే వచ్చింది. మనవాళ్లు ఓట్లెలా వేస్తారో వేరే చెప్పాలా!

వాన వస్తే రేసు ఆపేస్తారా?

నున్నని టైర్లు తడి వాలు మీద నిలవవు కాబట్టి ఆపేస్తారు. చిన్న ట్రాకుల కోసం ఈమధ్య గాడులున్న తడి టైర్లు తెచ్చారు. అండాకార ట్రాక్‌పై వాటితో మొదలైన తొలి పాయింట్ల రేసు కూడా ట్రక్కులదే, 2023 ఏప్రిల్‌లో మార్టిన్స్‌విల్‌లో జరిగింది. అయితే వాన మరీ ఎక్కువై దాన్ని మధ్యలోనే ముగించాల్సి వచ్చింది, కోరీ హీమ్‌ను విజేతగా ప్రకటించారు. అక్కడ గెలిచినవారికి కప్పుకు బదులు నిలువెత్తు గంటల గడియారం ఇస్తారు. 1964 నుంచి వస్తున్న ఆనవాయితీ అది.

మొదటిసారి వెళ్లేవారు ఏం చూసుకోవాలి?

డాలస్‌లో ఉన్న మనవాళ్లకు ఫోర్ట్‌వర్త్‌లోని టెక్సస్ ట్రాక్, షార్లెట్‌లో ఉన్నవారికి అక్కడి ట్రాక్, మార్టిన్స్‌విల్, రెండూ దగ్గరే. చెవులకు మూతలు లేకుండా వెళ్లవద్దు, పిల్లలనైతే అవి లేకుండా అసలే తీసుకుపోవద్దు. ముప్పైకి పైగా వి-8 ఇంజన్లు ఒకేసారి గర్జిస్తే ఆ మోత ఛాతీలో తెలుస్తుంది. టికెట్టు కొనేటప్పుడు పై వరుసలే కొనాలి. కింది వరుసల్లో ట్రాక్ సగమే కనబడుతుంది, పైగా అరిగిన టైర్ల నుంచి రేగే రబ్బరు పొడి నేరుగా మీద పడుతుంది. నేను మొదటిసారి చవకగా వస్తుందని కంచె పక్కనే కూర్చుని, నలభయ్యో ల్యాపు దగ్గర పులిహోర డబ్బా మూత తీశాను. రెండు నిమిషాల తర్వాత అందులో ఆవాలేవో, రబ్బరు ముక్కలేవో పోల్చుకోలేక మూత పెట్టేసి, మార్టిన్స్‌విల్‌లో అందరూ తినే ఆ ఎర్రని హాట్‌డాగు కోసం వరుసలో నిలబడ్డాను.